నుస్ఖా మిగిలింది - పరహేజు పోయింది

మా ఇంట్లో ఒక బయాజ్ ఉంది. బయాజ్ అంటే మన పెద్దలు తమకు తెలిసిన నుస్ఖాలన్నీ రాసిపెట్టుకున్న చేతిరాత పుస్తకం. మా దాదాగారు పట్టా పుచ్చుకున్న హకీము కారు, సర్కారీ కచేరీలో గుమాస్తా. కాని ఆ కాలంలో నాలుగక్షరాలు వచ్చిన ముస్లిం ఇళ్లలో ఇటువంటి పుస్తకం ఒకటి ఉండడం రివాజు. జ్వరానికి ఏ కషాయం, దగ్గుకు ఏ జోషాందా, బాలింతకు ఏ లేహ్యం అన్నీ నల్ల సిరాతో ఉర్దూలో రాశారు. పేజీకి పక్కన మార్జిన్‌లో ఎర్ర సిరాతో చిన్న చిన్న మాటలున్నాయి. మేము పిల్లలుగా ఉన్నప్పుడు ఆ ఎర్ర రాతలు అందానికి రాసినవనుకునేవాళ్లం.

తర్వాత తరం ఉర్దూ చదవలేదు. తెలుగు బడికి వెళ్లాం, ఉద్యోగాలకు అదే పనికొచ్చింది, అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. మా దాదీమా నోటిమాటగా చెప్పిన నుస్ఖాలను మా చిన్నమ్మ ఒక నోటు పుస్తకంలో తెలుగులో రాసుకుంది. నల్ల సిరా రాతలు అలా తెలుగులోకి వచ్చాయి. ఎర్ర సిరా రాతలు రాలేదు. కొన్నేళ్ల క్రితం మా ఇంటి కోడలొకామె మూడో నెలలో మలబద్ధకంతో బాధపడుతుంటే ఆ నోటు పుస్తకం చూసి ముసాంబరం కలిసిన మాత్రలు చేసి ఇచ్చారు. రెండో రోజుకు కడుపునొప్పి, కొంచెం రక్తం కూడా కనబడింది. ఆస్పత్రికి పరుగెత్తారు. డాక్టరమ్మ "ఏమైనా మందు వాడారా?" అని అడిగితే "ఏమీ లేదండీ" అన్నారు. ఇంటి మందు మందు కాదని మన నమ్మకం కదా! మర్నాడు ఎవరో నోరు జారి చెప్పేశారు. బిడ్డ దక్కింది, అల్‌హందులిల్లాహ్. ఆ మాత్రల వల్లనే అలా జరిగిందని డాక్టరమ్మ తేల్చి చెప్పలేదు, మేమూ చెప్పం. కాని ఆ తర్వాత ఒక మౌల్వీసాబుకు దాదాగారి బయాజ్ చూపించి అదే నుస్ఖా చదివించాం. పక్కన ఎర్ర సిరాతో ఉన్న మాటల అర్థం ఇది - హామిలా స్త్రీకి ఇవ్వకూడదు.

ఆ రోజు నుంచి యూనానీ వైద్య చరిత్రను కొంత తిరగేశాం. ఈ సంచిక పాఠకులకు, ముఖ్యంగా మన ఇళ్లలోని ఆడపడుచులకు, అందులో తెలిసింది చెప్పాలనే ఈ ప్రయత్నం. మన పెద్దల వైద్యంలో జాగ్రత్త లేదని కొందరంటారు. ఆకులూ వేళ్లే కదా, వాటితో హాని ఏముంటుందని మరికొందరంటారు. చరిత్ర చూస్తే ఇద్దరి మాటా నిలవదు.

మొట్టమొదట దైవప్రవక్త (స) కాలానికే వెళదాం. వైద్యం తెలియనివాడు వైద్యానికి దిగి హాని కలిగిస్తే ఆ హానికి అతనే జవాబుదారీ అనే అర్థం వచ్చే హదీసు అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజా సంకలనాల్లో ఉంది. అంటే మందు ఇవ్వడం సవాబు పని మాత్రమే కాదు, తేడా వస్తే లెక్క చెప్పుకోవలసిన పని కూడా. తిర్మిజీలో మరొక ఉదంతం ఉంది. హజ్రత్ అస్మా బింతె ఉమైస్ (రజి)ను విరేచనానికి ఏం వాడుతున్నావని ప్రవక్త (స) అడిగారు. షుబ్రుమ్ అని ఆమె చెప్పారు. అది పాలు కారే జెముడు జాతి మొక్క, మహా తీక్షణమైనది. అది చాలా వేడి చేసేదని ప్రవక్త (స) అన్నారు. ఆమె దాన్ని మాని సునాముఖి వాడారు. ఈ హదీసును మనవాళ్లు సునాముఖి గొప్పతనం చెప్పడానికే వాడతారు. మాకు మాత్రం అందులో మొదటి సగమే ముఖ్యంగా కనిపిస్తుంది. ఏం వాడుతున్నావని ముందు అడిగారు, ఘాటైనదాన్ని కాదన్నారు.

కలోంజి సంగతీ అంతే. మరణం తప్ప అన్నిటికీ అందులో శిఫా ఉందన్న హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది, దాన్ని కాదనేవారెవరూ లేరు. అయితే ప్రతి మనిషికీ ప్రతి జబ్బుకీ ఎంతపడితే అంత అని దాని అర్థం కాదని, తగిన జబ్బుకు తగినట్టు వాడాలని 10వ శతాబ్దపు ఖత్తాబీ వంటి వ్యాఖ్యాతలే వివరించారు. కూరలో, రొట్టెలో వేసుకునే కలోంజికి భయపడనక్కర లేదు. గర్భిణి రోజూ చెంచాల లెక్కన పొడిగానో నూనెగానో పుచ్చుకోవడం వేరు. ముట్టు తెప్పించే గుణం దానికి ఉందని పాత కితాబులే చెబుతున్నాయి.

బాగ్దాద్‌లో 9వ శతాబ్దంలో గ్రీకు వైద్య గ్రంథాలు అరబీలోకి వచ్చాయి. హునైన్ ఇబ్నె ఇస్‌హాఖ్, ఆయన శిష్యులు, సహచరులు ఆ పని చేశారు. బుఖ్రాత్, జాలీనూస్ మన హకీముల నోట అలా నానినవారే. గర్భిణికి విరేచనం మందు ఇవ్వకతప్పనప్పుడు నాలుగో నెల నుంచి ఏడో నెల వరకే ఇవ్వాలని, అంతకు ముందూ ఆ తర్వాతా చాలా జాగ్రత్తపడాలని బుఖ్రాత్ సూత్రాల్లో ఉంది. దానికి జాలీనూస్ చెప్పిన పోలిక మన రైతులకు ఇట్టే అర్థమవుతుంది. చెట్టుకు పిందె వేసినప్పుడు తొడిమ బలహీనం, చిన్న గాలికే రాలుతుంది. పండినప్పుడూ అంతే. మధ్యలో గట్టిగా పట్టుకుని ఉంటుంది. మా దాదాగారి ఎర్ర సిరా మాట వెనక రెండు వేల ఏళ్లకు పైబడిన ఈ తలపోత ఉందని తెలిసి మేము ఆశ్చర్యపోయాం. మా కోడలుది మూడో నెల అని పైన చెప్పాం గదా.

ఇబ్నె సీనా (980-1037) 'అల్ ఖానూన్'లో రెండో సంపుటం అంతా ఒంటరి మూలికల మీదే. దాని మొదట్లో మందును పరీక్షించడానికి ఆయన కొన్ని షరతులు పెట్టాడు. మందులో బయటి గుణమేదీ కలవకూడదు. ఒకే జబ్బు ఉన్న మనిషి మీద చూడాలి. పరస్పర విరుద్ధమైన రెండు రకాల జబ్బుల్లో చూడాలి. ఎంతసేపటికి పనిచేసిందో గమనించాలి. ఒకసారి పనిచేస్తే చాలదు, ప్రతిసారీ పనిచేయాలి. చివరికి మనిషి మీదే చూడాలి, ఎందుకంటే సింహానికో గుర్రానికో పనిచేసినది మనిషికి అలాగే పనిచేస్తుందని చెప్పలేం. వెయ్యేళ్ల కిందటి మాటలివి. "మా పక్కింటావిడకు తగ్గింది" అన్న ఒక్క సాక్ష్యంతో మందు మింగే మనం ఆయనకంటే ముందున్నామా, వెనకున్నామా!

మందులకు ఆయన కాలంలో నాలుగు దర్జాలు ఉండేవి. మొదటి దర్జా అంటే ఒంటిమీద ప్రభావం తెలిసీ తెలియనంత. నాలుగో దర్జా అంటే ప్రాణం మీదికి వచ్చేది. నల్లమందును చల్లదనంలో నాలుగో దర్జాలో పెట్టారు. ఆకుమందైతే చాలు నిరపాయం అనే మాట యూనానీలో ఎక్కడా లేదన్నమాట. ఆ మాట ఈ కాలపు ప్రకటనలు పుట్టించినది.

పాలిచ్చే తల్లి గురించి ఖానూన్‌లో ఉన్నది మరీ గమనించదగినది. చంటిబిడ్డకు జబ్బు చేస్తే చాలాసార్లు మందు బిడ్డకు కాక పాలిచ్చే స్త్రీకి ఇవ్వాలని, ఆమె తిండిని సవరించాలని ఇబ్నె సీనా చెబుతాడు. తల్లి తిన్నది పాలలో దిగుతుందనే గదా దాని భావం. మేలు చేసేది దిగితే కీడు చేసేదీ దిగుతుంది. 10వ శతాబ్దంలో అందులూసియాలోని ఖుర్తుబా నగరంలో అరీబ్ ఇబ్నె సాద్ అనే పండితుడు గర్భిణుల, శిశువుల సంరక్షణ మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. రెండేళ్లు పాలివ్వడం గురించి ఖురాన్ అల్ బఖరా సూరాలో చెప్పిన సమాజానికి ఇది సహజమే.

శాస్త్రం రాయడం ఒక ఎత్తు, బజారును అదుపులో పెట్టడం ఇంకొక ఎత్తు. ఆ పనికి ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. 12వ శతాబ్దంలో షామ్ దేశపు షైజరీ ఈ అధికారుల కోసం ఒక పుస్తకం రాశాడు. అత్తార్లు చేసే కల్తీలన్నీ అందులో ఏకరువు పెట్టాడు. మాంసాన్ని ఉడికించి, నారలు తీసి, రంగు వేసి కుంకుమపువ్వులో కలిపేవారట! హకీముల చేత ముహ్తసిబ్ ప్రమాణం చేయించాలనీ రాశాడు. హాని చేసే మందు ఎవరికీ ఇవ్వం, విషం తయారుచేయం, గర్భం పోగొట్టే మందు ఆడవారికి చెప్పం అని ఆ ప్రమాణ సారాంశం. ఈనాటి మన బజార్లో ఆ ముహ్తసిబ్ ఒక్కపూట తిరిగితే ఎన్ని దుకాణాలు మూతపడేవో!

ఇక మన దక్కనుకు వద్దాం. మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాదు నగరం కట్టించి నాలుగేళ్లు తిరక్కుండానే, 1595లో, దారుష్షిఫా కట్టించాడు. రెండంతస్తుల కట్టడం, మధ్య విశాలమైన ఆవరణ. అక్కడే రోగులకు చికిత్స, అక్కడే విద్యార్థులకు చదువు. ఇవాళ్టికీ ఆ పేటను ఆ పేరుతోనే పిలుస్తున్నాం. ఆ కాలపు పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ, నగర నిర్మాణంలో ప్రధాన పాత్ర వహించినవాడు, తూనికలూ కొలతల మీద 'రిసాలా మిఖ్దారియా' రాశాడు. రాజ్యం నడిపే మనిషికి ఈ తూనికల గొడవ ఎందుకని అనిపించవచ్చు. షరీఅత్‌లోనూ వైద్యంలోనూ కొలతే ప్రాణం కాబట్టి.

ఈ తూనికల దగ్గర కొంచెం ఆగాలి. పాత నుస్ఖాలన్నీ తోలా, మాషా, రత్తి లెక్కలో ఉంటాయి. ఒక తోలాకు 12 మాషాలు, మాషాకు 8 రత్తులు. తోలా అంటే సుమారు 11.66 గ్రాములు, మాషా గ్రాముకు కొంచెం తక్కువ, రత్తి గ్రాములో ఎనిమిదో వంతు. రత్తి అంటే గురివింద గింజ ఎత్తు. (ఆ గింజే పెద్ద విషమని, నమిలితే ప్రాణం తీస్తుందని మన పిల్లలకు చెప్పి ఉంచాలి.) మన దేశంలో 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చాయి. బజార్లో తోలాలు పోయాయి, బంగారం దుకాణంలో తప్ప. నుస్ఖాల్లో మాత్రం అవే ఉన్నాయి. ఒకరు మాషాను తోలాగా పొరబడితే మోతాదు 12 రెట్లవుతుంది. మా చిన్నమ్మ నోటు పుస్తకంలో తోలా లేదు, మాషా లేదు, అన్నిటికీ "ఒక చెంచా" అని ఉంది. ఏ చెంచా? పంచదార చెంచానా, కూర గరిటెనా? ఆ అల్లా కెరుక.

మోతాదు తర్వాత పేరు. తెలుగు జిల్లాల్లో చాలా భాగం మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో ట్రిప్లికేన్ డిస్పెన్సరీలో మొహిదీన్ షరీఫ్ అనే వైద్యుడుండేవారు. ఆంగ్లేయుల పుస్తకాల్లో మూదీన్ షెరీఫ్ అని కనబడుతుంది. ఖాన్ బహదూర్ బిరుదు కూడా ఉంది. 1868లో ప్రభుత్వం ఇండియా ఫార్మకోపియా వెలువరించింది. మరుసటి ఏడే, 1869లో, ఆయన దానికి ఒక అనుబంధ గ్రంథం ప్రచురించారు. బజార్లో దొరికే మూలికలకు హిందుస్తానీ, పారసీ, అరబీ, తెలుగు, తమిళం మొదలైన భాషల్లో ఉన్న పేర్లను సరిచూసి ఇచ్చిన పుస్తకమది. ఒకే పేరుతో రెండు వేర్వేరు వేళ్లు అమ్మడం, ఒకే వేరుకు నాలుగు పేర్లుండడం ఎంత ప్రమాదమో ఎరిగినవారు కాబట్టే అంత శ్రమపడ్డారు. ఆయన 'మెటీరియా మెడికా ఆఫ్ మద్రాస్' 1891లో వచ్చింది. ఇటువంటి మనిషి పేరు మన పిల్లలకు తెలియకపోవడం విచారకరం. ఇప్పటికీ నల్ల జీలకర్ర అని అడిగితే ఒక కొట్లో కలోంజి ఇస్తారు, ఇంకో కొట్లో షాజీరా ఇస్తారు. రెండూ వంట దినుసులే కాబట్టి సరిపోయింది. వేర్ల విషయంలో అలా సరిపోదు.

పేరు తప్పితే ఏమవుతుందో మన దగ్గర కాదు, ఐరోపాలో తేలింది. 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రస్సెల్స్ నగరంలో ఒళ్లు తగ్గడానికి చీనా మూలికల మాత్రలు ఇచ్చేవారు. అందులో వేయవలసిన ఒక వేరుకు బదులు, చీనా భాషలో దాదాపు అదే పేరున్న మరొక వేరు కలిసింది. ఆ రెండోది అరిస్టొలోకియా జాతి. వందకు పైగా మనుషుల మూత్రపిండాలు చెడిపోయాయి, వారిలో ఇంచుమించు అందరూ స్త్రీలే. 1993లో వైద్యులు ఈ సంగతి బయటపెట్టారు. తర్వాత చాలామందికి మూత్రనాళంలో కేన్సరు కూడా కనబడింది. 2002లో అంతర్జాతీయ కేన్సరు పరిశోధనా సంస్థ ఆ జాతి మూలికలు కలిసిన మందులను మనుషుల్లో కేన్సరు కలిగించేవాటిగా నిర్ధారించింది.

మనకేం అంటారా? అరిస్టొలోకియా అన్న గ్రీకు మాటకు కాన్పుకు శ్రేష్ఠమైనది అని అర్థం. మన హకీముల జరావంద్ అదే. మన పొలాల్లో పెరిగే ఈశ్వరి, గాడిదగడపర ఆ జాతివే. మాయ పడడానికి, ముట్టు రావడానికి పాత కితాబులన్నీ దాన్ని మెచ్చుకున్నాయి. రెండు వేల ఏళ్లు కాన్పు మందని పేరు తెచ్చుకున్న వేరులో ఇంత విషం ఉందని ఎవరూ ఎందుకు కనిపెట్టలేదు? హాని వెంటనే కనబడదు గనుక. మూత్రపిండం నెమ్మదిగా చెడుతుంది, కేన్సరు ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అప్పటికి కాన్పులో తాగిన కషాయం ఎవరికి గుర్తుంటుంది! అనుభవం మీద తేలినది అనే మాటకు కూడా ఒక హద్దుందని మాకు దీనివల్లనే బోధపడింది. పెద్దలు చూడగలిగినంత చూశారు. వారికి కనబడనిది మనకు కనబడినప్పుడు కూడా కళ్లు మూసుకుంటే అది వారి మీద గౌరవం కాదు.

ఢిల్లీ హకీమ్ అజ్మల్ ఖాన్ (1868-1927) ఈ విషయం బాగా ఎరిగినవాడు. ఆడవారికి మంత్రసానితనం నేర్పడానికి 1909లోనే ఢిల్లీలో జనానా తిబ్బియా పాఠశాల పెట్టించాడు. 1921లో గాంధీజీ ప్రారంభించిన తిబ్బియా కాలేజీలో పాత మూలికలను కొత్త రసాయన శాస్త్రంతో పరీక్షించే ఏర్పాటు చేయించాడు. అక్కడ సలీముజ్జమాన్ సిద్దిఖీ సర్పగంధి వేరు మీద పనిచేసి 1931లో కొన్ని సారాలు వేరుచేసి, హకీంసాబు పేరుమీద ఒకదానికి అజ్మలీన్ అని పేరు పెట్టాడు. పిచ్చికీ నిద్రపట్టనివారికీ తరతరాలుగా ఇచ్చిన వేరు అది. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ దాన్ని రక్తపోటుకు వాడిన ఫలితాలు ప్రకటించాడు. 1952లో స్విట్జర్లాండులో దాన్నుంచి రిసర్పీన్ తీశారు. ప్రపంచమంతా వాడింది. మనకు గర్వకారణమే.

కథ అక్కడితో అయిపోలేదు. కాన్పుకు ముందు రిసర్పీన్ వాడిన తల్లుల బిడ్డలు కొందరు ముక్కు దిబ్బడతో, మగతతో పుట్టారు. చంటిబిడ్డ నోటితో గాలి పీల్చడం ఎరగడు, ముక్కు మూసుకుంటే పాలు తాగలేడు. ఆ మందు తల్లిపాలలోకీ దిగుతుందని తేలింది. ఈ సంగతి తెలిసింది ఎలా? ఎంత మోతాదు, ఎవరికి, ఎప్పుడు ఇచ్చారో రాసి ఉంచారు కాబట్టి. అంతకు ముందు అదే వేరు తాగిన తల్లుల బిడ్డల లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. కార్ఖానా మందులన్నీ మంచివని ఇక్కడ మా ఉద్దేశం కాదు. పశ్చిమ జర్మనీలో 1957లో వచ్చిన థాలిడోమైడ్ మాత్ర గర్భిణుల వేవిళ్లకు ఇస్తే, 1961లో ఆపేలోగా ప్రపంచంలో పది వేలకు పైగా పిల్లలు అవయవలోపాలతో పుట్టారు. వేరైనా మాత్రైనా, తల్లి మింగితే బిడ్డ కూడా మింగినట్టే.

ఇప్పుడు మన వంటింటికి, మన బాలింత గదికి వద్దాం. ఎవరైనా గలగలా మాట్లాడితే "చిన్నప్పుడు వస పోశారా?" అంటాం. మాటలు వస్తాయని వసకొమ్ము అరగదీసి పసివాడి నాలుకకు రాయడం తెలుగునాట హిందువుల ఇళ్లలోనూ ఉంది, మన ఇళ్లలోనూ ఉంది. మన అత్తార్లు దాన్నే బచ్ అంటారు. ఆ వస నూనెలో ఉన్న ఒక పదార్థం ఎలుకల్లో కంతులు పుట్టించిందని 1968లో అమెరికా ప్రభుత్వం తినే వస్తువుల్లో వసను నిషేధించింది. మన దేశపు వసలో ఆ పదార్థం ఎక్కువే. చిటికెడు నాకితే ఏదో అయిపోతుందని భయపెట్టడం లేదు. మాటలు రావడానికి వస అక్కరలేదు, తల్లి మాట్లాడితే చాలు.

సదాపాకు మరొకటి. హకీములు సుదాబ్ అనేది ఇదే. పిల్లల జలుబుకని పెరట్లో పెంచుతారు. గర్భానికి చేటు చేసే మొక్కగా గ్రీకుల నాటి నుంచి పేరు మోసినది. గర్భిణి ఉన్న ఇంట్లో దాని కషాయం ఊసే ఉండకూడదు. చిత్రమూలం సంగతి ఇంకా దారుణం. ఆ వేరును దొంగచాటు గర్భస్రావాలకు వాడడం, ఆడవారి ప్రాణాలు పోవడం 1856లో కలకత్తాలో అచ్చయిన నార్మన్ చెవర్స్ వైద్య న్యాయశాస్త్ర గ్రంథంలోనే రికార్డయింది. ముసాంబరం గురించి మా ఇంటి కథే చెప్పాం. పాలు మాన్పించడానికి తల్లులు అదే ముసాంబరం రొమ్ముకు పూసుకుంటారు. చేదు కోసం పూసినా, బిడ్డ నోట్లోకి వెళ్లేది విరేచనం మందే.

కుంకుమపువ్వు పాలల్లో రెండు రేకలు వేసుకుంటే ఇబ్బంది లేదు. బిడ్డ తెల్లగా పుడతాడన్నది మాత్రం వట్టి మాట. 5 గ్రాములు దాటితే అది విషలక్షణాలు చూపుతుంది. బొప్పాయి గురించి పాత అరబీ కితాబుల్లో వెతకనక్కర లేదు, అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి రాకతో మన దేశానికి వచ్చిన చెట్టు. పచ్చికాయ పాలతోనే భయం, బాగా పండిన పండుతో కాదు. మెంతులు కూరలో పోపులో పరవాలేదు. బాలింతకు పాలు పడడానికి మెంతి లడ్డు పెట్టడం మన ఆచారం. షుగరు మందో రక్తం పలచన చేసే మందో వాడుతున్న తల్లి అయితే ముందు డాక్టరును అడగాలి. మెంతి ఎక్కువైతే షుగరు బాగా పడిపోవచ్చు.

ఏడ్చే బిడ్డకు నల్లమందు పెట్టి నిద్రపుచ్చి కూలికి వెళ్లే తల్లుల గురించి 1893-95 నల్లమందు రాయల్ కమిషన్ ముందు సాక్ష్యాలు వచ్చాయి. అప్పటి పేదరికం అది, వారిని నిందించే హక్కు మనకు లేదు. కాని గసగసాల కాయ నానబెట్టిన నీళ్లు పట్టే అలవాటు ఎక్కడైనా ఉంటే అది అదే నల్లమందని తెలుసుకోవాలి. ఇక తహ్నీక్. పుట్టిన బిడ్డ అంగిలికి ఖర్జూరం మెత్తగా చేసి రాయడం సున్నత్. ఖర్జూరం దొరక్కపోతే తేనె రాయడం కూడా మన ఇళ్లలో చూస్తున్నాం. 1976లో అమెరికాలో శిశువుల్లో బొటులిజం అనే పక్షవాతం లాంటి జబ్బు బయటపడింది, దానికి ఒక కారణం తేనెలో దాగి ఉండే సూక్ష్మజీవుల బీజాలని తేలింది. ఏడాది నిండని బిడ్డకు తేనె వద్దని వైద్యులు అప్పటినుంచి చెబుతున్నారు. సున్నత్‌కు ఖర్జూరం ఉంది, శుభ్రమైన వేలితో రవ్వంత చాలు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1954 చట్టం గర్భస్రావం చేయిస్తామనే మందుల ప్రకటనలను నిషేధించింది. 1940 ఔషధ చట్టంలోకి 1964 సవరణతో ఆయుర్వేద, యూనానీ మందులు కూడా వచ్చాయి. విష ద్రవ్యాలకు ఒక జాబితా పెట్టి, అవి కలిసిన మందుకు వైద్య పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరిక ఉండాలన్నారు. మూలికా మందుల వల్ల కలిగే హానిని ఎలా నమోదు చేయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో మార్గదర్శకాలిచ్చింది. అయితే చట్టం లేబిలున్న సీసాను పట్టుకోగలదు. పొట్లం కట్టిన వేరును, పక్కింటి ఖాలా చెప్పిన కషాయాన్ని ఏ ఇన్‌స్పెక్టరు పట్టుకుంటాడు? అక్కడ మనమే ముహ్తసిబులం.

యూనానీ మానుకోమని మేము చెప్పడం లేదు. చార్మినార్ పక్కన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కట్టించిన యూనానీ ఆస్పత్రి ఉంది, ఎర్రగడ్డలో చర్మవ్యాధుల యూనానీ పరిశోధనా సంస్థ ఉంది. చదువుకున్న హకీమునో హకీమమ్మనో చూపించుకున్నప్పుడు ఆడవారు మొదట చెప్పవలసిన మాట ఒకటే, కడుపుతో ఉన్నానని లేదా చంటిబిడ్డకు పాలిస్తున్నానని. నెల తప్పిందేమోనన్న అనుమానం ఉన్నా చెప్పాలి. అలాగే ఆస్పత్రిలో డాక్టరమ్మకు ఇంటి మందు సంగతి దాచకూడదు. తిడతారని భయపడతారు. తిడితే తిట్టనీ! మా ఇంట్లో ఆ ఒక్క రోజు దాచినందుకు డాక్టరమ్మ కారణం తెలియక ఎంత తికమకపడిందో మేము చూశాం. పొట్లంలో మిగిలిన మందు పారేయకుండా వెంట తీసుకువెళితే ఇంకా మేలు.

మా దాదాగారి బయాజ్‌ను మౌల్వీసాబు సహాయంతో ఇప్పుడు తెలుగులోకి ఎత్తి రాస్తున్నాం. సగం దాకా వచ్చింది. చిన్నమ్మకు ఎనభై దాటాయి, పక్కన కూర్చుని ఏ మందు తను ఎవరెవరికి ఇచ్చిందో గుర్తు చేసుకుంటోంది. ముందు ఎర్ర సిరా మాటలు రాస్తున్నాం, ఆ తర్వాతే నల్లవి. మీ ఇళ్లలో సందుగుల అడుగున ఇటువంటి పుస్తకాలుంటే చెదలకు వదలకండి. చదివిపెట్టడానికి మౌల్వీసాబు సిద్ధంగా ఉన్నారు, శుక్రవారం అసర్ నమాజు తర్వాత మసీదు వరండాలో కూర్చుంటారు.